రక్తం చెప్పదన్నాను

చేతివేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా పెద్ద పనైపోయిందని పోయిన నెల జనగామలో ఒక డాక్టరు దగ్గరికి పోతే, నా మనవరాలి ఈడున్న ఆ పిల్ల కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, అమ్మకు గాని నాన్నకు గాని, అని అడిగింది. లేదమ్మా అనడానికి ఎంతసేపు? కానీ ఆ ప్రశ్ననే ఒకప్పుడు కాగితాలు చేతబట్టుకుని ఊరూరా, తండా తండా అడుగుతూ తిరిగినవాణ్ని నేను. ఒక ఇంట్లో దానికి దొరికిన జవాబు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

నేను చదివింది ఐదో తరగతి. తర్వాత చదువంతా జనగామలో ఒక సేటు మందుల షాపులోనే, మందు డబ్బాల్లో మడతపెట్టి ఉండే పలచని కాగితాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని ముప్పై ఏళ్లు చదివాను. ఆ చదువు మీద నాకు గర్వం ఉండేది, దాచుకోను. అందుకే ప్రత్యేక రాష్ట్రం కోసం బందులూ రాస్తారోకోలూ జోరుగా సాగుతున్న రోజుల్లో, కీళ్లవాతం మీద పరిశోధన చేసే ఒక డాక్టరమ్మ హైదరాబాదు నుంచి వచ్చి, ఈ పల్లెలు తెలిసిన మనిషి కావాలని సేటును అడిగితే, నేనే ముందుకు వచ్చాను. ఆమె పుట్టింది కోస్తా వైపు, మాట వింటేనే తెలిసిపోయేది. ఆమె వైద్యం చేయడానికి రాలేదు. ఈ జబ్బు కొన్ని ఇళ్లలోనే తరం తర్వాత తరం ఎందుకు వస్తోంది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జన్యువుల్లో దాని జాడ ఎక్కడుంది అని వెతకడానికి వచ్చింది. అలాంటి ఇళ్లు పట్టుకోవడం, వంశవృక్షం గీయడం, తీసిన రక్తం గొట్టాల మీద పేర్లు రాసి అంటించడం నా పని. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, జబ్బున్నవాళ్లది నల్లగా నింపాలి.

అట్లా తిరుగుతూ నర్సింహులపేట దాటి ఒక తండాలో మేము వెతుకుతున్న ఇంటిని పట్టుకున్నాను. ఇంటి పెద్ద ఒక ముసలామె. ఆమె వేళ్లు గాలికి ఒరిగిన జొన్నకర్రల్లాగ అన్నీ ఒకే పక్కకు వంగిపోయి ఉండేవి. ఆమె తల్లికీ అంతేనట, కొడుక్కూ పెద్దకూతురికీ అప్పుడే మొదలైంది. ఇరవై ఏళ్ల చిన్నకూతురు మాత్రం చేతులు కనపడనంత వేగంగా పత్తి ఏరేది. మూడు తరాల జబ్బు, మధ్యలో ఒక ఆరోగ్యం గల పిల్ల. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది, ఇలాంటి ఇంటి కోసమేనండీ ఇన్నాళ్లూ చూసింది అని.

రక్తం తీసే రోజున ముసలామె నన్ను పశువుల కొట్టం పక్కకు పిలిచి గొంతు తగ్గించింది.

“అన్నా, రక్తం చెప్తదా, ఎవలకు ఎవలు పుట్టిండ్రో?”

నాకు అర్థం కాలేదని చూసి ఆమే చెప్పింది. వలస వచ్చిన ఒక ఆడమనిషి ఆ తండాలో కానుపులో పోతే, ఆ పసిగుడ్డును ఈమె తన ఒళ్లో వేసుకుని పాలిచ్చింది. ఆ తండాలో అప్పటికే ఒక కట్టుబాటు ఉంది: పదిమంది ముందు ఒళ్లో వేసుకున్న బిడ్డ కన్నబిడ్డే, కాదని ఎవరి నోటినుంచి వచ్చినా వాళ్లు పంచాయతీలో తలవంచుకుని తప్పు ఒప్పుకోవాలి. ఆ బిడ్డే ఈ చిన్నకూతురు, తనకు ఈ సంగతి తెలియదు. ఆ రోజు ఆ పిల్లే అందరికన్నా ముందు చెయ్యి చాపి కూర్చుంది, వద్దని ఆపితే ఆ గుట్టు బయటపెట్టినట్టే అవుతుంది.

నేను, ముప్పై ఏళ్ల చదువు గలవాణ్ని, ఏమాత్రం తడుముకోకుండా, రక్తం జబ్బు సంగతే చెబుతుంది గాని పుట్టుక సంగతి చెప్పదు, నువ్వు నిమ్మళంగా ఉండక్కా అన్నాను. ఎవరికీ చెప్పనని ఆమె వంకర చేతిలో చెయ్యి వేశాను. కాగితం మీద ఆమె కిందే మూడో బిడ్డగా సున్నా గీశాను, ఖాళీ సున్నా.

కొన్ని నెలల తర్వాత, మానుకోట వైపు పల్లెల్లో కొత్తగా తీసిన రక్తం ఐస్ పెట్టెలో పెట్టుకుని, అదే రోజు హైదరాబాదు చేర్చాలని జీపులో వస్తుంటే జనగామ ముందర రోడ్డు మూసేశారు. అది మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, గంజులెక్కించి వండి తినే ఉద్యమం. ఎండ మండిపోతోంది, పెట్టెలో ఐసు కరిగిపోతోంది. అప్పుడు డాక్టరమ్మ సంచిలోంచి నేను గీసిన వంశవృక్షం తీసి, ఆ ఖాళీ సున్నా మీద వేలుపెట్టింది.

ఈ అమ్మాయి రక్తం ఆ తల్లి రక్తంతో కలవడం లేదండీ, గొట్టాలు మారిపోయాయి, అంది. ఒకచోట మారితే మిగతాచోట్ల మారలేదని ఏమిటి నమ్మకం, మీ చేత్తో రాసినవన్నీ పారబోయాల్సిందేనా అంది. ఆమె వెంట వచ్చిన ల్యాబు అబ్బాయి ముందు సీట్లోంచి నవ్వాడు. “గిట్ల గట్ల అనేవాళ్లకి లేబుళ్లప్పగిస్తే గిట్లనే ఉంటదండీ మేడం.” వాడు నా యాసను తిప్పిన తీరు సినిమాల్లో నేను జీవితమంతా విన్నదే. నా చెవులు వేడెక్కాయి. ఒక్క గొట్టం మీదైనా నా రాత తప్పలేదు. ఒక్క మాటతో రుజువు చేయగలను. ఆ మాటే నోట్లో ఉంది.

అంతలో జీపు చుట్టూ పిల్లగాళ్లు మూగారు. పెట్టె కనిపించింది.

“ఏంది గది?”

“రక్తమండీ, పరిశోధనకి,” అంది డాక్టరమ్మ. ఆ ‘అండీ’ చాలింది.

“నీళ్లు పాయె, కొలువులు పాయె, గిప్పుడు మన రక్తం గూడ తీస్కపోతుండ్రారా!” అని ఒకడు, “దింపున్రి పెట్టెను,” అని ఇంకొకడు. ఒక చెయ్యి లోపలికి వచ్చింది. నేను పెట్టెను ఒళ్లోకి లాక్కుని, దాని మీద నా రెండు చేతులూ పెట్టి చెప్పాను. “నేను జనగామోన్ని, మందుల షాపుల జేస్త. గిండ్ల ఉన్నది మనోళ్ల నొప్పి బిడ్డా. మూత తీస్తె ఖరాబైతది. మళ్ల ఎవడు గుచ్చుకుంటడు సూది, నువ్వా?” వాళ్లలో పెద్దవాడు నా ముఖం గుర్తుపట్టాడు. మా అవ్వకు మందులు ఇచ్చెటోడే అన్నాడు. సరే, ఆ మేడం జై తెలంగాణ అంటే ఇడుస్తం, బువ్వ తిని పోవాలె, అన్నారు.

ఆమె అంది. ఆమె గొంతులో ఆ మాట వినగానే అందరూ ఫక్కున నవ్వారు, కోపం నవ్వుతో సగం పోయింది. విస్తరాకులో వేడి అన్నం, పప్పు పెట్టారు. ఆమె రెండు ముద్దలు తిని, దారి వదలగానే జీపెక్కి, ఈసారి మెల్లగా అడిగింది, నిజం చెప్పండి, మారాయా అని.

ఔను, ఆ ఒక్క ఇంట్లోనే మారాయన్నాను. పక్కింటి వాళ్లూ వచ్చి గలాటా చేస్తుంటే గొట్టాలు కలిసిపోయాయి, నాకు తెలిసీ దాచాను, మిగతా ఇళ్లలో అట్లా జరగలేదు అన్నాను. పోనీ మళ్లీ తీద్దామంది. వాళ్లు ఇక ఇయ్యరు అన్నాను. ఆమె ఆ ఇంటి కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. నా జేబులోంచి లేబుళ్ల కట్ట అడిగి తీసుకుంది. ఆ రోజుతో నా పని అయిపోయింది. ఆమె చెడ్డది కాదు. కానీ అంత చదివిన మనిషికి, ఆ ఇంట్లో ఒక రహస్యం ఉండొచ్చన్న అనుమానం కూడా రాకపోవడం, తప్పంటే చదువులేనివాడిదే అయి ఉంటుందని అంత సులువుగా నమ్మేయడం, దాని మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

రాష్ట్రం వచ్చింది. ఇంకొన్నేళ్లకు ముసలామె పోయింది. అప్పటికి చిన్నకూతురు పెళ్లయి భూపాలపల్లిలో, బొగ్గుబాయి దగ్గర కూలికిపోయే భర్తతో ఉంటోందని తెలిసి, ఆమెకైనా నిజం చెప్పాలి, ఆ జబ్బు నీకు రాదు తల్లీ అని చెప్పాలి అనుకుని బస్సెక్కాను. ఎందుకంటే తండాలో ఎవరో అన్నారు, ఆ పిల్ల రోజూ లేవగానే, వేళ్లు బిగుసుకున్నాయేమోనని పిడికిలి పట్టి చూసుకుంటుందని.

చాయ్ పోసిచ్చి నా ఎదుట కూర్చుంది. బట్టలుతికి, బిందెలు మోసి అరిగిన చేతులు చూపించింది. వాపు లేదు, వంకర లేదు. “చలికాలం జర గుంజుతది కాక. మా యాడి ఇచ్చిపోయింది. ఆమె లేకున్నా గిదన్న ఉన్నది నా దగ్గర,” అంది. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. అది చెప్పేటప్పుడు ఆమె ముఖంలో బాధ లేదు, ఒక రకమైన మురిపెం ఉంది. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాను. చెప్పాల్సిన మాట చెప్పలేదు.

ఇప్పుడు అప్పటి ఒక్క జిల్లా ముక్కలై మా జనగామే జిల్లా అయింది, ఎవరికి ఎవరు పుట్టారో రెండు చుక్కల రక్తం చెప్పేస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మన కాలంలో ఆ సంగతి పదిమంది నోటిమాట చెప్పేది, ఆ మాట తప్పితే మనిషి తలెత్తుకునేవాడు కాదు. ఏది మంచిదో నాకిప్పటికీ తేల్చుకోరాదు. తేల్చుకుందామనుకున్నప్పుడల్లా ఆ రోజు భూపాలపల్లిలో గడప దాటుతూ చూసిందే కళ్లముందు నిలుస్తుంది. బడికి పోతున్న ఆమె కూతురు, తొమ్మిది పదేళ్ల పిల్ల, సంచి భుజానికి తగిలించుకుని, నడుస్తూ నడుస్తూ ఆగి, పిడికిలి బిగించి, మెల్లగా ఒక్కొక్క వేలే తెరిచి చూసుకుంటోంది.