ఇస్త్రీ బల్ల కింద పాముపిల్ల

మా ఆయనకు వంకర అంటే పడదు. మనిషి వంకరగా మాట్లాడితే ఊరుకుంటాడు గానీ గుడ్డ వంకరగా ఉంటే ఊరుకోడు. ఇస్త్రీ చేసి చేసి చేతులు అలా అయ్యాయో, చేతులు అలాంటివి కాబట్టే ఇస్త్రీలో పడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు. బస్సు టికెట్టు నలిగితే తొడ మీద పెట్టి చదును చేస్తాడు. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల కర్టెన్ల కుచ్చులు సరిచేసి, ఆ తరవాతే కూర్చుంటాడు. వీధిలో ఆయన పేరు మడతలాయన. నన్నూ వదల్లేదు. ఇద్దరం బయటికి బయల్దేరితే గుమ్మంలో ఆపి, నా భుజం మీది కొంగు సర్దనిదే కదలనివ్వడు. "నేనేమన్నా బల్ల మీద బట్టనా?" అని పెళ్లైన కొత్తలోనే విసుక్కున్నాను. ఆ విసుగు మొన్నటి దాకా సాగింది.

ఇల్లు మారిన ఓ లెక్చరరుగారు పాత ఇంటి పెరటి గదిలో పడి ఉన్న కర్టెన్లను అట్టపెట్టెతో సహా మా ఇంటి ముందుగదిలోని షాపుకు పంపారు. ఈయన పెట్టె తెరిచాడు. మూత అంచున ఊడి వేలాడుతున్న టేపుకు సన్నటి గోధుమరంగు బొందు ఒకటి అంటుకుని ఉంది. మెలికలు పడి ఉంది కదా, ఇక ఆగుతాడా? రెండు కొసలూ పట్టుకుని సాగదీశాడు. బొందు కదిలింది.

నేను కుర్చీ ఎక్కాను. మా అత్తయ్య నాకంటే ముందే బల్ల ఎక్కేసింది, మోకాళ్ల నొప్పులని నెల రోజులుగా మూలుగుతున్న మనిషి. ఈయన మాత్రం అక్కడే నిలబడి తన వేళ్లకేసి చూసుకుంటున్నాడు. లాగినప్పుడు టేపుతోపాటు పాముపిల్ల ఒంటి మీది చర్మం కాస్త ఊడొచ్చి ఆయన వేళ్లకు అంటుకుంది.

"చింపేశానే," అన్నాడు.

ఆ మాటెందుకు అంత దిగులుగా అన్నాడో నాకు ఒక్కదానికే తెలుసు. ఆయన చేతిలో పడ్డ బట్ట ఇంతవరకూ కాలలేదు, చిరగలేదు. పట్టయినా సరే, పాతికేళ్ల నాటి పాత చొక్కా అయినా సరే. ఆయనకు ఆస్తీ అదే, గొప్పా అదే. అలాంటిది ఒక ప్రాణి ఒంటి మీద చర్మం చిరిగింది. అది బతికితేనే ఈయన మళ్లీ మనిషవుతాడని నాకు అర్థమైంది. నాకేమో అది చస్తే బాగుండుననీ ఉంది, చావకూడదనీ ఉంది.

నూనె రాసి మెల్లగా మిగతా టేపు ఊడదీశాడు. అరచేతిలో పెట్టుకుంటే చచ్చిందో బతికిందో తెలియలేదు.

"పాముకు పాలు పోసి పెంచినట్టే ఉంది నీ యవ్వారం," అంది అత్తయ్య బల్ల మీదనుంచి.

"పాలు కాదమ్మా, ముందు డాక్టరు," అన్నాడు.

కబురందుకుని వచ్చిన పశువుల డాక్టరమ్మ ఆ పెట్టెలోకి తొంగిచూసి, "నేను ఆవులకీ కుక్కలకీ డాక్టర్నండీ," అంది. అయినా మంచి మనిషి. ఫోటో తీసి, పాముల సంగతి తెలిసిన వాళ్లెవరికో పంపి కనుక్కుంది. విషం లేని జాతేనట.

"ఆ సంగతి పాముకి తెలుసా?" అన్నాను. నవ్వేసింది.

గాయానికి మందిచ్చింది. వేడి తగలకుండా వెచ్చగా ఉంచమంది. చిన్న బల్లిపిల్లను లోపల వదిలితే ఓపిక రాగానే అదే తింటుంది, తేరుకున్నాక దొరికిన చోటే వదిలేయండి అంది. ఎంత వెచ్చగా ఉంచాలో మా ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మెత్తటి తువ్వాలు పరిచి, మూతకు చిల్లులు పెట్టి, పెట్టెను ఇస్త్రీ బల్ల కింద, అప్పుడే చేసిన బట్టల పక్కన పెట్టాడు. బల్లుల పని నాకు పడింది. బల్లిని చూస్తే వీధిలోకి పరిగెత్తే దాన్ని, చీపురూ గ్లాసూ పట్టుకుని గోడల వెంట తిరిగాను. ఎందుకు తిరిగానంటే ఏం చెప్పను?

బల్లిపిల్ల పెట్టెలో హాయిగా తిరిగేది. పాము మాత్రం తినలేదు. రోజురోజుకీ ఎండిపోయి నిజంగానే బొందులా తయారైంది. ఈయనా సరిగ్గా అన్నం తినడం మానేశాడు. ఎవరికి ఎవరు తోడో నాకు అంతుపట్టలేదు. కంచంలో చెయ్యి పెట్టి, "ఇవాళైనా తింటుందంటావా?" అనేవాడు. తింటుందనేదాన్ని. ఆ మాట నేనే నమ్మలేదు.

డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఈయన మూత తీశాడు. పాముపిల్ల తువ్వాల్లో ముడుచుకుని ఉంది. ఈయన రెండు వేళ్లతో, పాపాయి చెయ్యి పట్టుకున్నంత మెత్తగా దాన్ని పట్టుకుని ఆ చుట్టలు విప్పాడు. తల ఇటు, తోక అటు, మధ్యలో వంపన్నది లేకుండా పడుకోబెట్టాడు. తువ్వాలు ముడత కూడా తీశాడు.

"ఏంటండీ అది?" అంది డాక్టరమ్మ.

"అలా మెలికపడి ఉంటే నడుం పట్టేయదూ? గంటకోసారి సాపు చేస్తున్నా. ఇలా తిరిగేసరికి మళ్లీ చుట్టుకుంటోంది," అన్నాడు, మాట వినని పిల్ల మీద చాడీ చెప్పినట్టు.

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను గంట గంటకూ పక్కనే ఉండి చూసిందాన్నే. అందులో తప్పుందని నాకూ తోచలేదు. మా ఇంట్లో వంకరగా ఉన్నదేదైనా సాపు చేయాల్సిందే కదా.

"అది భయమేసి ముడుచుకుంటుంది బాబాయ్," అందావిడ, గొంతు తగ్గించి. "ఆ చుట్టే దానికి దుప్పటి. గంటకోసారి దుప్పటి లాగేస్తుంటే ఏం తింటుంది, ఎలా తేరుకుంటుంది?"

ఈయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ తరవాత ఆ చేతులను ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. బట్టలు ఇస్త్రీ చేస్తూ మధ్యలో వంగేవాడు, మూత దాకా వెళ్లి ఆగిపోయేవాడు. ఒకసారి అలా వంగినప్పుడే ఎవరిదో చొక్కా కాలరు ఎర్రబారింది. ఆయన గమనించలేదు, నేనే తడిగుడ్డ పెట్టి రుద్దాను. నాకు కోపం వచ్చిందో జాలి వేసిందో చెప్పలేను, రెండూ కలిసే వచ్చాయి.

ఒక పొద్దున బల్లిపిల్ల లేదు. పెట్టె మూలమూలా వెతికాను, లేదు. పాముపిల్ల పొట్ట దగ్గర చిన్న ఉబ్బు ఉంది. ఆయనకు చూపిస్తే చెప్పులు విప్పకుండానే గచ్చు మీద చతికిలబడ్డాడు.

ఇంకొన్నాళ్లకు మూత తీయగానే అది లేచి ఆయన బొటనవేలి మీద కాటేసింది. సూది గుచ్చినంత రక్తం.

"ఇంత చేస్తే నన్నే కరిచిందేంటే?" అన్నాడు. కళ్లలో నీళ్లు. నవ్వుతున్నాడు కూడా.

ఫోన్లో చెబితే డాక్టరమ్మ వేలు సబ్బుతో కడగమంది, పాము తేరుకుందంది. ఇద్దరం లెక్చరరుగారి పాత ఇంటికి వెళ్లి పెరట్లో రాళ్ల పక్కన వదిలాం. ఒక్క అడుగు కూడా తిన్నగా వెళ్లలేదు. మెలికలు తిరుగుతూ, ఆ మెలికలతోనే ఎంతో వేగంగా రాళ్ల సందులోకి దూరిపోయింది.

"చూశావా, ఎంత వంకరగా పోయిందో," అన్నాడు. మెచ్చుకుంటున్నాడా, నొచ్చుకుంటున్నాడా?

ఆ ఆదివారం ఎవరినో చూడ్డానికి బయల్దేరాం. అలవాటు ప్రకారం గుమ్మంలో ఆగాను. ఆయన చెయ్యి నా భుజం దాకా వచ్చి ఆగిపోయింది. కొంగు నలిగే ఉంది. ఆ చేతిని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"పద," అన్నాడు.

అన్నేళ్లూ విసుక్కున్న దాన్ని, నాకెందుకో కాళ్లు కదల్లేదు.

"నేను పాముని కాదు లెండి," అన్నాను. "సర్దండి."