పొగ మేస్త్రీ నడపని కారు

పొగ ఎక్కువైన కార్లను బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడు కనుక అందరూ ఆయన్ని పొగ మేస్త్రీ అనేవారు. మరమ్మతయ్యాక ప్రతి కారునూ చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టి, కాసేపు నిలకడ వేగంతో, కాసేపు బ్రేకు తొక్కకుండా నెమ్మదిస్తూ తానే నడిపేవాడు. అలా నడిపితేనే కారులోని కంప్యూటరు తన పరీక్షలు ముగించుకుని, మరమ్మతు కుదిరిందో లేదో చెబుతుంది.

నర్సమ్మ కారు దగ్గర మాత్రం బద్ధకించాడు. సెన్సరు మార్చి, హెచ్చరిక దీపం ఆర్పేసి, "నడిపి చూశానమ్మా, భేషుగ్గా ఉంది" అన్నాడు.

ఆ కారు లేకపోతే ఆమెకు రోగుల ఇళ్లకు వెళ్లడం కుదరదు. మర్నాడే ఆమె కారుతో తిరిగొచ్చింది. కంప్యూటరు పరీక్షలేవీ పూర్తికాలేదని పొగ తనిఖీవాళ్లు వెనక్కి పంపారట.

"మా మేస్త్రీ నడపకుండా ఇవ్వడని వాళ్లతో పోట్లాడాను అన్నయ్యా. నేనే ఏదో నొక్కి చెడగొట్టి ఉంటాను" అంది నొచ్చుకుంటూ.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. "నువ్వేం నొక్కలేదు తల్లీ. నేనే నడపలేదు. అబద్ధమాడాను."

ఆమె కారు తాళాలు ఆయన చేతిలో పెట్టింది. "సరే, ఇంజిన్ చల్లారనివ్వండి. పొద్దున్నే వస్తాను. ఈసారి నేనూ పక్కన కూర్చుంటాను, సాక్ష్యం చెప్పడానికి" అంది.

పొద్దున ఇద్దరూ వెళ్లొచ్చారు. పరీక్షలన్నీ పూర్తయ్యాయి, దీపం వెలగలేదు.

"చూశారా, మీ పనికి వంకలేదు" అందామె చల్లగా.

దేవుడా, నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది అనుకున్నాడు మేస్త్రీ, తాళాలు ఇస్తూ తలెత్తలేక.