గుర్తుకాయ

నేను బడి మానేశాకే మా లెక్కల మేష్టారి బీపీ తగ్గిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొన్న కొత్తపేటలో పచ్చి కొబ్బరిడొక్కల పీచు వాసన తగిలి, నా రెండో తరగతి గుర్తొచ్చింది.

మా నాన్న కొబ్బరితోటల్లో దింపు కాయలు లెక్కపెట్టేవాడు. వంద అయినప్పుడల్లా ఒక కాయ తీసి పక్కన పెట్టేవాడు. "అది గుర్తురా. రాశిలో కలిపేవంటే వీపు చీరేస్తాను" అనేవాడు.

బడిలో మేష్టారు ఇరవై ఏడుకి పదిహేను కలపమన్నారు. ఏడూ ఐదూ పన్నెండు. రెండు కింద వేసి, ఒకటి పదుల నెత్తిన పెట్టమన్నారు. పెట్టాను. గుర్తే కదా అని దాన్ని కలపకుండా ముప్పై రెండు వేశాను. ఏ లెక్కిచ్చినా అదే తంతు. చివరికి మేష్టారు నన్ను మళ్ళీ రెండులోనే కూర్చోబెట్టారు. నా జతగాళ్ళంతా మూడుకి వెళ్ళిపోయారు. నాన్న మాట తప్పలేదన్న ధీమాతో నేను ఏడవనైనా లేదు. ఎందుకు కలపలేదని అడగాలని మేష్టారికీ, చెప్పాలని నాకూ తోచలేదు.

పెద్దయ్యాక ఓసారి ఆయనకి ఇదంతా చెప్పి, "తప్పు నాది కాదండీ, మా నాన్నదండీ" అన్నాను.

మేష్టారు పకపకా నవ్వేశారు.

"రాశిలో కలపొద్దన్నాడు గానీ, లెక్కలోంచి తీసెయ్యమన్నాడేంట్రా? ఆ గుర్తుకాయలు వదిలేస్తే మీ నాన్న పొద్దుణ్ణించీ లెక్కెట్టిందంతా సున్నాయే కదరా!"