మబ్బు రోజుల్లో తీసిన రాళ్ళు

ఆమె, నేనూ రాజమండ్రిలో ఒకే గదిలో అద్దెకుండి, ఒకే మాస్టారి దగ్గర పరిశోధన చేశాం. ఆమెది పాలకొల్లు. వాళ్ళ నాన్నగారికి బజారులో ఇత్తడి సామాన్ల కొట్టుండేది. ఆడపిల్ల రాళ్ళ గురించి చదవడమేంటని ఆయన మొదట ఒప్పుకోలేదట. ఒప్పుకున్నాక మాత్రం, కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళతోనూ మా అమ్మాయి రాళ్ళ డాక్టరవుతుందండీ అని చెప్పుకునేవారు.

గోదావరి దాటి కొవ్వూరు మీదుగా వెళ్తే కంకర కోసం తవ్వే నల్లరాతి క్వారీలు వస్తాయి. ఆ రాయి ఒకప్పుడు లావా. లావా చల్లారేటప్పుడు అందులోని సన్నటి ఇనుప రేణువులు ఆనాటి భూమి అయస్కాంత దిశను పట్టుకుని అలాగే గట్టిపడిపోతాయి. దాన్ని కొలిస్తే, రాయి పుట్టిననాడు ఈ నేల భూమధ్యరేఖకు ఎంత దక్షిణాన ఉండేదో తెలుస్తుంది. హిమాలయాల్లో అదే వయసు రాళ్ళను కొలిచి పోల్చితే, మన నేల ఆసియాను ఢీకొనక ముందు దాని ఉత్తరపు అంచు ఎందాకా ఉండేదో గీయవచ్చు. ఆ అంచు చాలావరకు నలిగి, కిందికి కుంగిపోయింది. ఇప్పుడు చూద్దామన్నా కనపడదు. హిమాలయాల పని వేరేవాళ్ళది, ఇక్కడి రాళ్ళ పని ఆమెది. నా అంశం వేరైనా క్వారీకి ఆమెతో తోడు వెళ్ళేదాన్ని.

పెట్రోలు డ్రిల్లుతో ఆమె వేలెడంత రాతి ముక్కలు తీసేది. ప్రతి ముక్కా ఊడిరాక ముందే అది ఏ దిక్కుకు ఉందో నేను చూసి చెబితే, ఆమె దానిమీద బాణం గీసి నంబరు వేసేది. ఎండ ఉంటే పుల్ల నీడను బట్టి దిక్కు లెక్కకట్టేవాళ్ళం. నల్లరాతి పక్కన కంపాస్ ముల్లును పూర్తిగా నమ్మలేం మరి. మబ్బు పడితే మాత్రం ఆ ముల్లే గతి.

ఆఖరి మూడు రోజులూ మబ్బే. ఆగుదామంటే, ఆ గోడను త్వరలో పేలుస్తామని క్వారీ సూపర్‌వైజర్ చెప్పేశాడు. అందుకని పని ఆపలేదు. మూడో రోజు సాయంత్రం సామాను సర్దుతూ నా ఫోన్ కంపాస్ పక్కన పెట్టాను. ముల్లు గిర్రున తిరిగింది. ఫోన్ కవరు మూతలో అయస్కాంతం ఉంది. మూడు రోజులూ ఒక చేత్తో కంపాస్, రెండో చేత్తో ఆ ఫోన్ పట్టుకుని అంకెలు ఎక్కించుకున్నాను.

ఆమె కాస్త దూరంలో బురద చేతులు కడుక్కుంటోంది. బాగా అలసిపోయి ఉంది. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు, కాకినాడ కాలేజీ ఉద్యోగానికి మాస్టారు నాకు రాసివ్వాల్సిన సిఫారసు ఉత్తరం గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ పై రోజు, కొలతలు ఎలాగో సరిగానే వస్తాయేమో అనుకున్నాను.

రాలేదు. ఆ మూడు రోజుల రాళ్ళు తలో దిక్కు చూపించాయి. మాస్టారు మా ఇద్దర్నీ పిలిచి కాగితాలు ముందు పెట్టారు.

"బాణాలు తిరగేసి గీశావామ్మా?" అని ఆమెను అడిగారు.

ఆమె చాలాసేపు ఆలోచించింది. "అయ్యుండొచ్చండి. అప్పుడు చేతులు తడిగా ఉన్నాయి" అంది.

నేను పక్కనే ఉన్నాను. తల దించుకుని నా నోట్‌బుక్కులో ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాను.

మళ్ళీ రాళ్ళు తెచ్చుకుందామని ఇద్దరం క్వారీకి వెళ్ళాం. గోడ లేదు. అది కంకరై ఏయే రోడ్ల కిందికి పోయిందో. ఆ మూడు రోజుల కొలతలు లేకపోతే థీసిస్ నిలవదు. ఫెలోషిప్ గడువు కూడా అయిపోవచ్చింది. ఆమె మానేసింది. తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్నగారు వచ్చారు. పెట్టె తనే పట్టుకుని మెట్లు దిగుతూ, నాతో "మీరు మా అమ్మాయికి ఎంతో తోడున్నారమ్మా" అన్నారు. దానికి నేనేమన్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

నాకు కాకినాడలో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళు గడిచాయి. పోయినేడాది క్లాసులో కంపాస్ చూపిస్తుంటే, ఒకమ్మాయి బల్లమీద పెట్టిన ఫోన్‌కి ముల్లు తిరిగింది. పిల్లలు నవ్వారు. నేను క్లాసు మధ్యలో ఆపి బయటికి వచ్చేశాను. ఆ సాయంత్రం, అప్పటికే రిటైరైన మాస్టారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.  "నాకు కాదమ్మా, ఆమెకి చెప్పు" అని ఆయన పెట్టేశారు.

ఆదివారం పాలకొల్లు వెళ్ళాను. కొట్లో ఆమే కూర్చుని ఉంది. నన్ను చూసి ఎంత సంబరపడిందో. కుర్చీ వేసింది, కాఫీ తెప్పించింది, పిల్లల ఫోటోలు చూపించింది. ఆ సంబరం చూసి వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. కానీ చెప్పాను, ఫోన్ కవరు దగ్గర్నుంచి మాస్టారి గదిలో తల దించుకోవడం దాకా.

ఆమె గుడ్డతో చెంబొకటి తుడుస్తూ వింది. నేను ఆపాక కూడా తుడుస్తూనే ఉంది.

"ఇన్నేళ్ళూ నా చెయ్యే తప్పు చేసిందనుకున్నానే" అంది చివరికి. "పిల్లలకి లెక్కలు చెప్పాలన్నా భయమేసేది, తప్పు చెబుతానేమోనని."

క్షమించమన్నాను.

"మా నాన్న పోయి రెండేళ్ళైంది. పోయేదాకా ఆయనకి అదే బెంగ, దీనికి చదువు అబ్బలేదని. ఆయనకి చెప్పాల్సిన మాటే ఇది. నాకు చెప్పి ఏం లాభం?"

ఇంతలో ఎవరో బిందె కొనడానికి వచ్చారు. ఆమె లేచి, రండి అని మామూలు గొంతుతోనే పలకరించి బిందెలు చూపించడం మొదలుపెట్టింది. నా కాఫీ చల్లారిపోయింది. వాళ్ళు వెళ్ళాక కూడా ఆమె నావైపు తిరగలేదు, పైఅరలో గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది. వెళ్ళొస్తానని చెప్పి బస్టాండుకి నడిచాను.

ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మూడోసారి వాళ్ళమ్మాయి ఎత్తి, అమ్మ ఇక్కడే ఉందండీ అంది. ఎవరే అని ఆమె అడగడం వినిపించింది. పిల్ల నా పేరు చెప్పింది. కొంచెం సేపయ్యాక, "అమ్మ పనిలో ఉందటండీ" అంది.