మోకాలి లోతు నది

మా ముత్తాత ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత కాలానికి ఆ హోదా పోయింది కాని దొర అనే పిలుపు పోలేదు. మా బాపు కాలానికి ఆ పిలుపు కూడా పలచబడి, కోటలాంటి మా ఇల్లు, ఆ గడి ఒక్కటే మిగిలింది, గడితోపాటు దాని మర్యాదలూ మిగిలాయి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, దాచవలసిన అవసరమూ నాకు కనిపించదు. ఇప్పుడు నేను బడంగ్‌పేట్‌లో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. లిఫ్టు పనిచేయని రోజు నాకంటే చిన్నవాళ్లు ఆయాసపడుతుంటే, నేను గోడ పట్టుకోకుండానే ఎక్కుతాను.

మొన్న వానాకాలంలో టీవీలో జమ్మూ వరదలు చూపించారు. ఎర్రని నీళ్లు సరిహద్దు కంచెను దొర్లించుకుంటూ పోతున్నాయి. వార్తలు చదివే అమ్మాయి ఆ నది పేరు మునావర్ తావి అనగానే చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. నా ఈడు వాళ్లకు డెబ్బై ఒకటి యుద్ధం గుర్తుండే ఉంటుంది, దీపాలు తగ్గించుకుని రేడియో చుట్టూ చేరడం, తూర్పున గెలిచామని మిఠాయిలు పంచుకోవడం. ఆ సంబరంలో పడమటి దిక్కున ఉన్న ఈ చిన్న నదిని తలచుకున్నవాళ్లు తక్కువ. మా ఇంట్లో మాత్రం దాని పేరు వినపడని రోజు లేదు.

మా అన్న ఫౌజులో చేరతానన్నప్పుడు బాపు చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. ఇంకొకరి హుకుం కింద బతకడం మా ఇంట లేదు. ఆఫీసరుగా పోతున్నాడని తెలిశాక, అది కూడా ఒక రకం దొరతనమే అని సమాధానపడ్డాడు. యుద్ధం వచ్చిన ఏడాదే వానలు వెనుకబట్టాక అన్న సెలవు మీద వచ్చాడు. అన్నం తింటూ తింటూ చెంబులో వేళ్లు ముంచి, షాబాదు బండ మీద నీళ్లతో నది గీసి మాకు చూపించాడు. మా ప్రాంతం వాళ్లకు చెరువు తెలుసు కాని నది తెలియదు. హద్దు అంటే మాకు పొలం గట్టే.

“నది అడ్డముండంగ లడాయెందుకురా? ఎవని దిక్కు వాడుండాలె” అన్నాడు బాపు.

“వానకాలమే అది అడ్డం, బాపూ. చలికాలమొస్తే మోకాళ్ల లోతుంటది. బర్రెలు దాటుతయ్, ట్యాంకులు దాటవా?”

“మరి మీరు ఏ ఒడ్డునుంటరు?”

“అవతలి ఒడ్డున. ఆ ఒడ్డు మీద కూడ జర దూరం మనదే. నది మా ఈపు ఎనుకుంటది.”

“గట్లెట్ల? నది ముందటుండాలె గద!”

“ముందటుంటే కోట, ఎనుకుంటే ఉరి” అని అన్న నవ్వాడు. “తినేటప్పుడు ఏం మాటలురా అవి” అని అమ్మ కోప్పడింది. బండ మీది నది అప్పటికే సగం ఆరిపోయింది.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పాడు. మన పక్కనున్న మంచాల ఊరి నుంచి వచ్చిన జవాను ఒకాయన తన దగ్గరే ఉన్నాడని, వాళ్ల తాత, తండ్రి మన గడిలో వెట్టి చేసినవాళ్లేనని, అక్కడ ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటున్నారని. బాపు వినిపించుకోనట్టే చేయి కడుక్కుని లేచాడు.

చలికాలం వచ్చింది, నది మోకాళ్ల లోతుకు దిగింది, అన్న చెప్పినట్టే అయింది. ఇవతలి ఒడ్డుకు వెనక్కి వచ్చెయ్యమని మనవాళ్లకు హుకుం వచ్చిందని, వంతెనను మనవాళ్లే పేల్చేశారని, నీళ్లలో దిగి కొందరు దాటారని, కొందరు దాటలేకపోయారని తరువాత విన్నాము. మా ఇంటికి వచ్చిన తంతిలో అన్న జాడ తెలియడం లేదని మాత్రమే ఉంది. మరుసటి ఏడాది రెండు దేశాలకూ ఒప్పందం కుదిరింది, అవతలి ఒడ్డు వాళ్లకే ఉండిపోయింది. మా అమ్మకు ఒడ్డులతో పని లేదు. బిడ్డ ఉన్నాడా, లేడా? లేకపోతే ఏ దినం పోయాడు, ఏ తిథికి పిండం పెట్టాలి? ఆమె అడిగింది అంతే.

ఆ జవాబు ఒకరోజు కాలినడకన మా గడికి వచ్చింది. నేను హైదరాబాదులో బీయే చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. మంచాల జవాను కుంటుతూ మెట్లెక్కి, ఫౌజు బట్టల్లో, బూట్లతో వచ్చి అరుగు మీద నిలబడ్డాడు. ఆ ఇంటివాళ్లెవరూ అంతకుముందు చెప్పులతో మా మెట్టు ఎక్కలేదు. ఏది చెప్పుకోవాలన్నా కింద వాకిట్లో నిలబడి చెప్పుకునేవాళ్లు. బాపు బయటికి వచ్చి, అతని ముఖం కంటే ముందు కాళ్లు చూశాడు.

“కిందికి దిగు. బూట్లిప్పి చెప్పు.”

అతను దిగలేదు. “దొరా, నీ కొడుకు, నేను గీ బూట్లతోనే నదిల దిగినం. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నడు. గది మెట్ల కింద నిలబడి చెప్పే ముచ్చట గాదు” అన్నాడు.

“అయితే చెప్పకు.”

తలుపు వెనక నుంచి అమ్మ, “ఒక్క మాట విన్రాదుండ్రి, మీ కాల్మొక్త” అంది. బాపు వెనక్కి తిరగలేదు. జవాను తలుపు వైపు చూసి, “పోయొస్త, అమ్మా” అని మెల్లగా మెట్లు దిగాడు. “మల్ల రా, బిడ్డా” అని అమ్మ కేక వేసింది. మా ఇంటి ఆడవాళ్లు వాకిలి దాటి ఒకరి వెనుక పరుగెత్తే ఆనవాయితీ లేదు. అమ్మా నేనూ గడప ఇవతలే నిలబడిపోయాము.

బాపును కఠినుడని ఎవరైనా అంటే ఈనాటికీ నేను ఊరుకోను. ఆయనకు నేర్పిన మర్యాద అది, ఆయన ఇంకొకటి ఎరుగడు. ఆ తరువాత ఆయన ప్రతి సాయంత్రం అరుగు మీద కూర్చుని, మంచాల దిక్కు నుంచి వచ్చేవాళ్లను, “గా ఫౌజాయన సెలవు మీదొచ్చిండా?” అని అడగడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ ఇంటి మనిషిని ‘ఆయన’ అనడం ఆయన నోట అంతకుముందు నేను వినలేదు. కాని మనిషిని పంపి పిలిపించలేదు. బొంగులూరు తోవలో ఉన్న అన్న వాటా పొలాన్ని మాత్రం కౌలుకు ఇవ్వనివ్వలేదు, అమ్మనివ్వలేదు, వాడొచ్చి దున్నుకుంటాడనేవాడు. అమ్మ ఆ ప్రశ్నతోనే పోయింది, బాపు ఎదురుచూస్తూ పోయాడు.

బాపు పోయాక నేను మంచాల వెళ్లాను. చాలా ఆలస్యంగా వెళ్లాను, జవాను కూడా పోయాడు. ఆయన భార్య నాకు కుర్చీ వేసి, తాను గడప మీద కూర్చుంది. అన్న సంగతి అడిగాను.

“ఎన్నిమార్లడిగినా నాకు గూడ చెప్పలె, అక్కా. గది ఆయన్ను కన్న అవ్వకు చెప్పాల్సిన ముచ్చట, నీకెందుకంటుండె” అంది. టీ తాగి పొమ్మంది, తాగాను. అక్కా అని పిలిచినందుకు నాకు కోపం రాలేదు, ఆ మాట ఇంట్లో ఎవరికైనా చెబుదామంటే అప్పటికి ఇంట్లో ఎవరూ లేరు.

ఇప్పుడు మంచాల బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసేవాళ్లు లేరు, ఎవరి కాళ్లకు ఏమున్నాయో అడిగేవాళ్లు లేరు. ఇది మంచిదేనని నాకు తెలుసు. ఈ మంచి మా మెట్ల దాకా కొంచెం ముందుగా వచ్చి ఉంటే, మా అమ్మకు ఒక తిథి దొరికేది. టీవీలో ఆ నది పొంగి పారుతుంటే నాకు అన్న బండ మీద గీసిన నది కనబడింది. చెప్పడం పూర్తి కాకముందే ఆరిపోయిన నది. అన్నకు ఇప్పటికీ పిండం పెట్టలేదు.

బొంగులూరు తోవలోని అన్న వాటా ప్లాట్లు చేసేవాళ్లకు అమ్మాను. గడి దర్వాజా, అరుగు ముందరి మెట్ల రాళ్లు పాత సామాను కొనేవాళ్లు లారీలో వేసుకుని పోయారు.