ఏనుగు తవ్విన చెలిమె

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. భార్యకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెప్పడం తేలికనుకున్నాను. కాదు. ఇప్పటికి రెండుసార్లు రాసి చింపేశాను.

డెబ్బైల్లో ఒక కరువు ఎండాకాలం. జైనూర్ దగ్గర మా ఊరు. అడవిలో కొట్టిన టేకు దుంగలను రోడ్డు దాకా లాగించడానికి ఒక కంట్రాక్టరు ప్రాణహిత అవతలి నుంచి ఆడ ఏనుగును తెప్పించాడు. దానితో ఒక మావటి వచ్చాడు. పని అయ్యాక కాలికి గొలుసు వేసి దాన్ని మేతకు వదిలేవాడు.

మా వాగు ఎండిపోయింది. ఊరి బావిలో బురదే మిగిలింది. ఆ ఏనుగు వాగులో ఇసుకను కాళ్లతో తోడి, తొండంతో ఎత్తిపోసి, చెలిమె చేసింది. అది తాగి వెళ్లాక నీళ్లు మళ్లీ ఊరేవి. దాని బరువుకు ఒడ్డు వాలుగా అణిగి ఉండేది కాబట్టి మేకపిల్ల కూడా జారకుండా దిగేది. పశువులు, దుప్పులు, నెమళ్లు, ఆఖరికి మేమూ ఆ నీళ్లకే వచ్చాం. మేకలు కాసుకునే లచ్చవ్వ ఏనుగుకు దండం పెట్టి మరీ బిందె ముంచుకునేది. నేను నవ్వేవాణ్ని.

నాకు నా మామిడితోట ధ్యాసే. మంచిర్యాల నుంచి తెచ్చి నాటిన అంట్లు తొలి కాపుకొచ్చాయి. వాగుకు వస్తూ పోతూ ఏనుగు రెండు చెట్లు విరిచింది. కట్టెయ్యమని మావటితో గొడవపడ్డాను. నీళ్లున్న చోటికి అది రాక మానదన్నాడు. అయితే ఆ నీళ్లే పనికిరాకుండా చేస్తే? ఇదీ నాకు తట్టిన తెలివి. ఊరంతా ఎండకు తలుపులేసుకున్న మధ్యాహ్నం, డబ్బాతో కిరోసిన్ తీసుకెళ్లి చెలిమెలో ఒంపేశాను.

ఏనుగు వచ్చి వాసన చూసి, తాగకుండా వెళ్లిపోయింది. మర్నాడు లచ్చవ్వ ఖాళీ బిందెతో మా ఇంటికొచ్చింది.

"గీ నీళ్లల్ల గ్యాసునూనె ఎవడు పోసిండు పటేలా?"

"గా మావటోడే. దీపం బుడ్డి ఒలకబోసుకున్నట్టున్నడు. మనం తాగే నీళ్లని ఆనికి ఫికర్ యాడిది?"

"నువ్వే చెప్పినంక ఇంకేముంది."

ఎంత తడుముకోకుండా అన్నాను! ఊరు మావటి మీద పడింది. అతను ఒట్లు పెట్టుకున్నాడు. కొట్టిన చేతుల్లో నాదీ ఒకటి. ఆ సాయంత్రమే ఏనుగును తోలుకొని వెళ్లిపోయాడు. అతని పేరేమిటో కూడా నేను ఎన్నడూ అడగలేదు.

ఆ తర్వాత మేమే పారలతో మరోచోట తవ్వాం. మనుషులు తవ్విన గొయ్యి కదా, బావిలా నిట్టనిలువుగా దిగింది. లచ్చవ్వ లోపలికి దిగి చెంబుతో తోడుకుంటుంటే ఇసుక కూలింది. పైకి తీసేసరికి ప్రాణం లేదు. సగం నిండిన బిందె ఒడ్డున ఉంది, మేకలు దాని చుట్టూ నిలబడ్డాయి. ఇసుక తోడినవాళ్లలో నేనే ముందున్నాను. పాడె మోశాను. ఆపదకు పటేల్ నిలబడ్డాడని ఊరు మెచ్చుకుంది. సిగ్గులేకుండా ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను.

కరువు చంపింది, ఇసుక చంపింది అని ఎన్నేళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నానో. ఏనుగు ఉండుంటే ఆమె ఆ గోతిలోకి దిగేదా? నేను నోరు విప్పి ఉంటే మావటిని తరిమేవారా? ఈ ప్రశ్నలకు జవాబు నాకు మొదటిరోజే తెలుసు. తెలిసీ అడుగుతూ వచ్చాను, అడిగినంతసేపు ఒప్పుకోనక్కర్లేదు కాబట్టి.

ఆ ఏడు మామిడి బాగా కాసింది.

వానలు పడ్డాక వాగు ఒడ్డున ఏనుగు లద్దెల్లోంచి తునికి మొలకలు లేచాయి. ఇప్పుడవి చెట్లు. పిల్లలు పండ్లు ఏరుకొని తింటారు, నాకూ తెచ్చిస్తారు. నేను తినలేను. ఎందుకని అడిగితే నోట్లో పళ్లు బాగాలేవంటాను. అదీ అబద్ధమే.

క్షమించమని అడగను. అడగాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు, ఒకరి జాడ తెలియదు. ఆ పొద్దు గుమ్మంలో చెప్పాల్సిన మాట ఒక్కటి మాత్రం ఇప్పుడు చెప్పగలను.

లచ్చవ్వా, నీళ్లల్ల పోసింది మావటోడు కాదు. నేనే.