శనివారం క్షవరం

ఆ రోజుల్లో లోకంలోని మూఢనమ్మకాలన్నిటినీ నేనొక్కణ్ణే ఊడ్చిపారేయాలన్నట్టు ఉండేది నా వాలకం. జమ్మలమడుగు నుంచి జర్మనీకి చదువుకోవడానికి పోతూ పెట్టెలో రెండు కిలోల ఊరమిరపకాయలు, బుర్రలో అంతకు రెట్టింపు హేతువాదం మోసుకెళ్లాను. (మిరపకాయలు నెలకే అయిపోయాయి. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.) బయల్దేరే ముందు ఇంట్లో పెద్ద యుద్ధం జరిగింది. నాకు వీసా వస్తే గండి ఆంజనేయస్వామికి నా తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ మొక్కుకుంది. వీసా వచ్చింది. "ఇచ్చింది ఎంబసీ వాళ్లు గదమ్మా, యెంటికలు గూడా వాళ్లకే ఇయ్యాల" అని అరగంట ఉపన్యసించాను. అమ్మ, మొక్కు తీర్చకుండా పోతే బిడ్డకేమవుతుందోనని నా తలవైపే చూస్తూ సాగనంపింది.

అక్కడ ఒక గదిలో ముగ్గురం: నేను, పులివెందుల మామ, ప్రొద్దుటూరు భాయ్. శనివారం వస్తే బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవడం (ఆదివారం ఆ దేశంలో అంగళ్లన్నీ మూత), సంగటి కెలుక్కోవడం. శనివారం మామ గుడ్డు కూడా ముట్టడు. మా జుట్టు కత్తిరించేది భాయ్. వాళ్లన్న కువైట్‌లో కటింగ్ షాపులో పనిచేస్తాడు కాబట్టి ఆ విద్య తన రక్తంలోనూ ఉందని అతని నమ్మకం. (ఈ ఒక్క మూఢనమ్మకం జోలికి నేనెందుకో పోలేదు.)

ఒక శనివారం కావాలనే కుర్చీ వేసుకుని, భాయ్ ముందు తల వంచాను. బీన్స్ తుంచుతున్న మామ అదిరిపడ్డాడు. "శనివారం కటింగేందప్పా? రేపు చేయించుకుంటే ఏం?"

"రేపటిదాకా ఆగితే శని గెల్చినట్టు మామా!"

"తర్వాత కొట్లాడుకోండి. తల మాత్రం కదిలియ్యొద్దు" అన్నాడు భాయ్, మిషన్ ఆన్ చేస్తూ.

మామ ఊరుకుంటాడా! వాళ్ల నాయనమ్మను సాక్ష్యానికి పిలిచాడు. "శనివారం కత్తి తగిలితే ఆయుస్సు తగ్గుతాదప్పా. మా జేజి తొంభై ఏండ్లు బతికింది. ఒక్క శనివారం గూడా కటింగ్ చేయించుకోల్యా."

"మిగతా ఆరు దినాలూ చేయించుకునేదా మీ జేజి?"

ఇంత గొప్ప దెబ్బకు మామ మొహం ఎట్లా మాడిందో చూడొద్దా? గిరుక్కున తల తిప్పాను. చెవి దగ్గరున్న మిషన్ నడినెత్తి దాకా నున్నగా బాట వేసింది.

"యా అల్లా!" అన్నాడు భాయ్.

"ఇది శని పని కాదు!" అని అరిచాను.

"కాదులేప్పా. శని ఇంత బిరీన చేయడు. ఇది నీ నోరు" అన్నాడు మామ, బీన్స్ మీంచి తలెత్తకుండా. (జీవితంలో నాతో కార్యకారణ సంబంధం గురించి సరిగ్గా మాట్లాడింది అతనొక్కడే.) ఆ బాటను సరిచేయబోయి, సరిచేయబోయి, భాయ్ చివరికి నున్నటి గుండు మిగిల్చాడు.

ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసే రోజు. టోపీ కొందామంటే అంగళ్లు లేవు. ఫోన్ ఎత్తకపోతే ఆమె తల్లడిల్లిపోతుంది. దుప్పటి కప్పుకుని ఎత్తాను. "జలుబా నాయనా?" అని అడిగిందో లేదో, అదే సమయానికి తుమ్ము వచ్చి దుప్పటి జారింది.

అమ్మ నా గుండును తేరిపార చూసింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మొక్కు తీర్చినావా నాయనా! నాతో ఒక్క మాటన్నా చెప్పల్యా! నువ్వు పోయినకాడ్నుంచీ నాకు కంటిమింద కునుకు ల్యా."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. పక్క నుంచి భాయ్ మెల్లగా అన్నాడు: "తల కదిలియ్యొద్దు."

కదిలించలేదు.

"యెంటికలు యాడిచ్చినావురా?"

"ఈడనేమ్మా" అన్నాను. (అబద్ధమేమీ కాదు.)

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటూ మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తున్నాను. క్షవరం శనివారమే చేయించుకుంటాను. షాపు ఖాళీగా ఉంటుంది. మిషన్ చెవి దగ్గరికి రాగానే ఎంత మంచి వాదం తట్టినా మింగేస్తాను. అమ్మ మాత్రం గండికి పోయినప్పుడల్లా, నా కొడుకు పరాయి దేశంలో ఉండి కూడా మొక్కు మరవలేదని పక్కనున్న వాళ్లకు చెప్పి మురిసిపోతుంది. ఆ మాటను ఖండించడానికి కావలసిన సాక్ష్యాధారాలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఇన్నేళ్లయినా ఆ ఒక్క వ్యాసం రాయడానికి మాత్రం నాకు తీరిక దొరకలేదు.